ఎరువు సొమ్మా, పైరుకు ఎరువా?

(మస్కటులో మన తెలుగు సంఘం సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యవర్గంవారు మమ్మల్ని మాతృభాష గురించి, పిల్లల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఈ విషయం మీద ఏటేటా ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. తల్లి భాష తల్లి పాల వంటిదని మేమూ అంటే మీరు చప్పట్లు కొడతారు, ఇళ్ళకు వెడతారు, అంతటితో సరి. అందుచేత ఈసారి పిల్లల వైపు నుంచి మొదలుపెడదామనుకున్నాం. మీకు నచ్చిన వీరుడెవరో చెప్పండర్రా అని అడిగితే వాళ్ళు చెప్పే పేర్లలో సగం ముసుగు వీరులవే. ఒంటికి బిగుతు దుస్తులు, తలకు శిరస్త్రాణం, మనిషికొక రంగు, గుంపుకొక మరమనిషి. పెద్దలం నవ్వి ఊరుకుంటాం. మేము మాత్రం నవ్వడం కాస్త ఆపి ఆ వీరుల పుట్టుపూర్వోత్తరాలు తీశాం. తీస్తే ఈ వేదికకు పనికివచ్చే పాఠం ఒకటి దొరికింది.

ఈ వీరుల పుట్టిల్లు జపాను. 1954లో వచ్చిన 'గాడ్జిల్లా' చిత్రానికి మాయలు సమకూర్చిన ఎయిజి త్సుబురాయ అనే నిపుణుడి సంస్థ 1966లో టెలివిజన్‌కు 'అల్ట్రామాన్' అనే వీరుణ్ణి తెచ్చింది. ఒక మనిషి రబ్బరు తొడుగు తొడుక్కుని రాక్షసి జంతువవుతాడు. ఇంకొక మనిషి వెండిరంగు తొడుగులో వీరుడవుతాడు. ఇద్దరూ బొమ్మ భవంతుల మధ్య కలియబడతారు. తరువాత షోతారో ఇషినోమోరి అనే చిత్రకథా రచయిత 1971లో 'కామెన్ రైడర్'కు, 1975లో 'గోరెంజర్'కు ప్రాణం పోశాడు. మొదటివాడు మిడత ముఖం పెట్టుకుని మోటారు సైకిలెక్కి వచ్చే ముసుగు రౌతు. రెండవది ఐదుగురి దండు: ఎరుపు, నీలం, పసుపు, గులాబి, ఆకుపచ్చ. ఆ గోరెంజర్ 84 భాగాలు నడిచింది. దాని వెనక ఏటేటా కొత్త దండులు పుట్టుకొచ్చాయి.

ఇవి పిల్లల బొమ్మలాటలని మనం అనుకుంటాం గాని, వాటి వేళ్ళు చాలా లోతున ఉన్నాయి. 1862లో కవతాకె మొకుఆమి అనే రచయిత కబుకి రంగస్థలానికి రాసిన ఒక నాటకంలో ఐదుగురు దొంగలు వరుసగా నిలబడి, ఒక్కొక్కరు తమ పుట్టుక, పేరు, ఘనత చెప్పుకునే ఘట్టం ఉంది. కబుకి నటుడు రసపట్టులో ఒక్కసారి బిగిసి, కదలకుండా నిలబడే భంగిమ కూడా ఒకటుంది. ఇప్పుడు ఈ ఐదు రంగుల దండును చూడండి. శత్రువు ఎదురుగా నిలబడి ఉన్నా సరే, ముందు వరుసగా నిలబడి, ఒక్కొక్కరు పేరు చెప్పి, భంగిమ పట్టి, ఆ తరువాతనే యుద్ధం. అంతసేపూ ఆ శత్రువు ఎందుకు ఊరుకుంటాడని మా విద్యార్థి ఒకడు అడిగాడు. అది మర్యాద నాయనా, రంగస్థల మర్యాద, అని చెప్పాం.

ఈ మర్యాద మనకు కొత్తదా? కూచిపూడి భాగవతంలో ఏ పాత్రా ఊరికే వచ్చి నిలబడదు. ప్రవేశ దరువు పాడుకుంటూ, నేను ఫలానా, నా వంశం ఇది, నా సౌందర్యం ఇది, నా పౌరుషం ఇది అని చెప్పుకుంటూ వస్తుంది. సత్యభామ అయితే తెర వెనకనుంచి జడను తెర మీదికి వేసి మరీ వస్తుంది. ఆ వేషానికి ప్రసిద్ధులైన వేదాంతం సత్యనారాయణశర్మగారు (1935-2012) పురుషులన్న సంగతి చూసేవారు మరిచిపోయేవారు. పగటివేషగాళ్ళలో అర్ధనారీశ్వర వేషం సంగతి పెద్దలకు తెలుసు. ఒకే మనిషి ఒక పక్క శివుడు, ఇంకొక పక్క పార్వతి. ఏ పక్క తిరిగితే ఆ నడక, ఆ గొంతు. రూపు మారడం, పేరు చెప్పుకోవడం, భంగిమ పట్టడం, ఈ మూడూ మన పెట్టెలో ఎప్పటినుంచో ఉన్న సరుకే.

మనం ఉంటున్న ఈ ఒమాను దేశంలోనూ అటువంటిది ఉంది. ఉత్తర ఒమానువారి 'అల్ ఆజీ' కళలో కవి కత్తి పట్టి, అడుగు వేస్తూ, తన తెగ గౌరవాన్ని, పెద్దల ఘనతను కవిత్వంగా చదువుతాడు. వెనక బృందం వంత పలుకుతుంది. 2012లో యునెస్కోవారు దీన్ని మానవాళి వారసత్వపు జాబితాలో చేర్చారు. ఎవరి భాషలో వారు, నేను ఫలానా అని నిండు సభలో గొంతెత్తి చెప్పుకునే కళ ఇది. ఈ మాట గుర్తుంచుకోండి, దీనితో తరువాత పని ఉంది.

ఇక అమెరికా కథకు వద్దాం. హైమ్ సబాన్ అనే టెలివిజన్ వ్యాపారి 1980లలో జపానులో ఈ ఐదుగురి దండును చూసి ముచ్చటపడ్డాడు. ఏళ్ళ తరబడి అమెరికాలో ఛానెళ్ళ గడపలు తొక్కినా ఎవరూ తీసుకోలేదు. చివరకు ఫాక్స్ సంస్థవారి పిల్లల విభాగం ఒప్పుకోగా, 1993 ఆగస్టు 28న 'మైటీ మార్ఫిన్ పవర్ రేంజర్స్' మొదలయింది. వారి పద్ధతి చూడండి. జపానులో 1992లో వచ్చిన 'జ్యురేంజర్' అనే దండు నుంచి యుద్ధ ఘట్టాలు, మరమనుషుల ఘట్టాలు కొనుక్కున్నారు. ముసుగు తీసిన తరువాతి భాగం, అంటే బడి, స్నేహితులు, అల్లరి, ఇవన్నీ అమెరికా పిల్లలతో కొత్తగా తీశారు. రెండింటినీ కలిపి కుట్టారు. ముసుగు వేసుకుంటే జపాను, తీస్తే కాలిఫోర్నియా! ముఖం కనబడదు గనుక అతుకు కనబడదు.

కనబడదనుకున్నారు గాని, కాస్త చూపున్న పిల్లవాడికి కనబడుతుంది. జపాను దండులో పసుపు వీరుడు మగవాడు. అమెరికాలో ఆ పాత్రను ఆడపిల్లకిచ్చారు. అందుకే గులాబిరంగు అమ్మాయికి దుస్తుల మీద చిన్న లంగా ఉంటుంది, పసుపు అమ్మాయికి ఉండదు. అయినా ఆ కార్యక్రమం కార్చిచ్చులా అంటుకుంది. మొదటి విడతే 60 భాగాలు. కొన్న ఘట్టాలు చాలక, జపానులో ఆ దండు కథ ముగిసిపోయిన తరువాత కూడా, మాకోసం ఇంకొన్ని రాక్షసుల్ని తీసి పంపండని అమెరికావారు డబ్బిచ్చి తీయించుకున్నారు.

ఒకటి కాసులు రాల్చగానే వరస కట్టడం లోకసహజం. 1994లో వచ్చిన 'వి.ఆర్. ట్రూపర్స్' సంగతి చెబితే మీకు నవ్వు వస్తుంది. అందులో ముగ్గురు మిత్రులు. కాని వారి యుద్ధ ఘట్టాలు జపానులోని వేరు వేరు కార్యక్రమాలనుంచి తెచ్చినవి. ఒకడి ముసుగు ఒక కథలోది, మిగిలిన ఇద్దరి ముసుగులు ఇంకొక కథలోవి. కనుక ముసుగు వేసుకున్నాక ఆ ముగ్గురు మిత్రులు ఒకచోట నిలబడి పోరాడడం గగనమయింది. మామూలు దుస్తుల్లో ప్రాణస్నేహితులు, వీరదుస్తుల్లో ఎవరి దారి వారిది! అదే ఏడాది వచ్చిన ఇంకొక కార్యక్రమం జపానువారి 39 భాగాల 'గ్రిడ్‌మాన్' ఘట్టాలతో 53 భాగాలు లాగింది. 1996లో మొదలైన 'బీటిల్‌బోర్గ్స్'కు ఆదరణ బాగానే ఉన్నా, వాడుకునేందుకు జపాను ఘట్టాలు అయిపోవడంతో 1998లో అంగడి కట్టేయవలసి వచ్చింది. అరువు బియ్యం అయిపోతే ఎసరు ఎంత మరిగినా ఏం లాభం?

అట్లా అయితే సొంతంగా తీసుకోవచ్చు గదా అని మీరంటారు. తీశారు. మనకు అసలు పాఠం అక్కడే ఉంది. 1994లో ఒక సంస్థ జపాను ఘట్టం ఒక్కటీ లేకుండా, 'బెవర్లీ హిల్స్ పచ్చబొట్టు కుర్రకారు' అని మనం చెప్పుకోదగిన పేరుతో నలుగురు వీరుల్ని తయారుచేసింది. రంగులున్నాయి, ముసుగులున్నాయి, నలుగురూ కలిసి ఒకే మహావీరుడు కావడమూ ఉంది. 40 భాగాలతో ముగిసింది. అంతకు ముందు 1993లో జపానువారి అల్ట్రామాన్‌నే అమెరికాలో 13 భాగాలుగా తీశారు. తొడుగులు నాజూకువి కావడంతో యుద్ధం యుద్ధంలా లేదు; ఒకరినొకరు తోసుకున్నట్లే ఉంది. 1998లో సబాన్ సంస్థే ఐర్లండు వెళ్ళి, ఐరిష్ పురాణగాథల ఆధారంగా 'మిస్టిక్ నైట్స్' తీసింది. పాత కథల్ని తవ్వుకోవడం మెచ్చదగిన ఆలోచనే. 50 భాగాలు వచ్చాయి. రెండవ విడత తలపెట్టి మానుకున్నారు. సినిమాల్లోనూ అంతే. 1995లో రేంజర్లకు సొంత కవచాలు చేయించి సినిమా తీశారు గాని, టెలివిజన్‌కు వచ్చేసరికి మళ్ళీ జపాను దుస్తులే. 2017లో సుమారు 10 కోట్ల డాలర్లతో ఇంకొక సినిమా తీస్తే 14 కోట్ల పైచిలుకు వచ్చింది. ఆ లెక్క చాలక, అనుకున్న తరువాతి భాగాలు రాలేదు.

సభాసదులారా! ఇక్కడ మనం నిజాయితీగా ఉండాలి. సొంతది ఎప్పుడూ గొప్పది, అరువుది ఎప్పుడూ తక్కువది అని చెప్పడం ఉపన్యాసాలలో సులువు. కాని ఈ లెక్క తిరగబడింది. అతుకుల బొంత ముప్పై ఏళ్ళు నిలిచింది. కొత్తగా నేసిన గుడ్డ ఒకటి రెండేళ్ళలో చిరిగింది. ఎందుకు?

మాకు తోచిన కారణం ఇది. అతుకుల బొంతలో రెండు ముక్కలూ గట్టివే. యుద్ధపు ముక్కలో జపాను పనివాళ్ళ చెమట ఉంది. 1970లో సానీ చీబా అనే నటుడు పెట్టిన యాక్షన్ శిక్షణాలయం వంటిచోట ఏళ్ళ తరబడి తయారైన మనుషులు ఆ ముసుగుల్లో ఉన్నారు. ముసుగులో ముఖం పలకదు, కనుక ఒళ్ళంతా పలకాలి. మెడ తిప్పితే కోపం, భుజం దించితే దుఃఖం. ఇక బడి ముక్కలో అమెరికా పిల్లల సొంత మాట, సొంత నవ్వు ఉన్నాయి. సొంతంగా తీసిన చాలావాటిలో మాత్రం పైరూపు దిగింది గాని లోపలి సాధన దిగలేదు. పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్లయింది. చారలు వచ్చాయి, గాండ్రింపు రాలేదు.

ఇంకొక సంగతి కూడా గమనించాం. 1990లలో కొయిచి సకమోతో వంటి జపాను పోరాట శిక్షకులు అమెరికా కార్యక్రమాల్లోనే చేరి, అక్కడి ఘట్టాలను దగ్గరుండి తీయించారు. అంటే ఘట్టాలు కొనడమే కాక, చేతులను కూడా పిలిపించుకున్నారన్నమాట. విద్య చేతినుంచి చేతికి దిగింది. 2000లో మొదటిసారిగా జపానులో లేని ఒక వీరుణ్ణి, టైటానియం రేంజర్ అనేవాణ్ణి, సొంతంగా చేర్చుకున్నారు. 2023లో 'కాస్మిక్ ఫ్యూరీ' అనే పది భాగాల విడతలో దండు మొత్తానికి సొంత దుస్తులు కుట్టించుకున్నారు. అప్పటికీ మరమనుషుల ఘట్టాలు జపానువే. సొంత చొక్కా తొడుక్కోవడానికి ముప్పై ఏళ్ళు పట్టింది!

తెలుగులో 'ఎరువు' అన్న మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి, వాడుకుని తిరిగి ఇచ్చేందుకు అడిగి తెచ్చుకున్నది. ఎరువు సొమ్ము బరువు చేటు అన్న సామెత దాన్ని గురించే. రెండవది, పొలానికి తోలేది. పరాయి వస్తువును నగలా మెడలో వేసుకుంటే అది బరువు. తెల్లారితే తిరిగి ఇచ్చేయాలి. అదే వస్తువును మట్టిలో కలిపి దున్నితే, పండేది మన పంట. కనుక అరువు తెచ్చామా లేదా అన్నది మనం వేసుకోవలసిన ప్రశ్న కాదు. తెచ్చినదాన్ని మెడలో వేశామా, పొలంలో వేశామా అన్నదే ప్రశ్న.

పొలంలో వేసినవారు మన గల్ఫులోనే ఉన్నారు. ఒమానుతో సహా ఏడు గల్ఫు తీర దేశాలు 1976లో కలిసి, కువైటు కేంద్రంగా ఒక ఉమ్మడి కార్యక్రమ నిర్మాణ సంస్థను పెట్టుకున్నాయి. అమెరికాలో 1969లో మొదలైన పిల్లల కార్యక్రమం 'సెసమీ స్ట్రీట్' పద్ధతిని తీసుకుని, 1979లో 'ఇఫ్తహ్ యా సింసిం' ను తయారుచేశారు. అమెరికా బొమ్మలకు అరబ్బీ గొంతు పెట్టి సరిపెట్టుకోలేదు. నుమాన్, మల్సూన్ అని సొంత పాత్రల్ని కల్పించారు. దేశానికొక యాసగా చీలకుండా, అందరికీ అర్థమయ్యే ప్రామాణిక అరబ్బీలో మాట్లాడించారు. మనలో చాలామందితో కలిసి పనిచేసే ఒమానీ మిత్రుల్లో నడివయసు దాటినవారిని అడిగి చూడండి, ఆ పాత్రల పేరు చెప్పగానే ముఖం వికసిస్తుంది.

మన తెలుగువాళ్ళూ ఇందులో తక్కువ తినలేదు. కంప్యూటరు ఊసు లేని 1957లో 'మాయాబజార్' చిత్రంలో మార్కస్ బార్ట్‌లీ కెమెరా ముందు లడ్డూలు వాటంతట అవే ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడ్డాయి. బి. విఠలాచార్యగారు పుర్రెల చేత, అస్థిపంజరాల చేత నాట్యమాడించారు. 1978 చివర్లో హాలీవుడ్ 'సూపర్‌మాన్' వచ్చింది. 1980లో మనకు ఎన్.టి. రామారావుగారు కథానాయకుడుగా వి. మధుసూదనరావుగారి దర్శకత్వంలో తెలుగు 'సూపర్‌మాన్' వచ్చింది. దుస్తులు అమెరికావి, శక్తి మాత్రం ఆంజనేయస్వామి ఇచ్చింది! ఇప్పుడు చూసి నవ్వుకునేవారున్నారు. మేము నవ్వం. ఆ రెండింటినీ కలిపి కుట్టినవాడికి మన పిల్లవాడి గుండె ఎక్కడ కొట్టుకుంటుందో తెలుసు. ఆ దారిన నడిచి నడిచి 2024 సంక్రాంతికి ప్రశాంత్ వర్మ 'హను-మాన్' వచ్చేసరికి, వీరుడి దుస్తులూ మనవే, ఊరూ మనదే. ఇక్కడా నలభై ఏళ్ళు పట్టింది. పట్టనివ్వండి.

ఇంకొకటి. 2004 డిసెంబరులో టూన్ డిస్నీ ఛానెల్ భారతదేశానికి వచ్చినప్పుడు తెలుగులోనూ మాట్లాడింది. తరువాతి ఏళ్ళలో పవర్ రేంజర్లు కూడా తెలుగు మాట్లాడారు. జపాను దేహం, అమెరికా ముఖం, తెలుగు గొంతు! మూడు అతుకులు. ఆనాడు అది చూసి పెరిగినవారు ఈనాడు ఈ సభలో పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. వారు ఆ గొంతును ప్రేమగా తలచుకుంటారు, తప్పేమీ లేదు. కాని డబ్బింగుతో ఒక చిక్కుంది. వినే పిల్లవాడికి తెలుగు వస్తుంది గాని, తిరిగి పలకవలసిన అవసరం రాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాం. మా తరగతిలో పదిహేడుమంది పిల్లలున్నారు. బడిలో ఇంగ్లీషు, హిందీ, అరబ్బీ. ఇంట్లో మూడు కలిసిన తెలుగు. ఉత్సవం వచ్చిందంటే వేదిక మీద ఏం జరుగుతున్నది? హైదరాబాదునుంచి అద్దెకు వచ్చిన కిరీటం, పట్టు పంచె, గద. పిల్లవాడు మైకు ముందుకు వస్తాడు. వెనకనుంచి ఎవరో ట్రాకు వేస్తారు. మహానటుల గొంతు మోగుతుంది. పిల్లవాడు పెదవులు కదుపుతాడు, చేయి ఊపుతాడు. చప్పట్లు. ముసుగు మనది, యుద్ధ ఘట్టం ఇంకొకరిది! అమెరికావాళ్ళు ముసుగు వేసుకున్నాక ఘట్టం అరువు తెచ్చుకున్నా, ముసుగు తీశాక తమ మాట తాము మాట్లాడారు. మన పిల్లవాడికి ముసుగు తీసిన తరువాతి మాట ఏది?

ఒక ఏడాది ఒక అమ్మాయి ట్రాకు మీద సత్యభామ వేషం కట్టి మొదటి బహుమతి తీసుకుంది. ఎంత చక్కగా చేసిందో! మరునాడు ఊరినుంచి వాళ్ళ అమ్మమ్మ ఫోను చేసి, ఏమమ్మా, సత్యభామ ఏమంది అని అడిగిందట. ఆ పిల్ల 'ఆ', 'ఊ' తప్ప ఒక్క మాట చెప్పలేక ఫోను తల్లికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తల్లే మాతో చెప్పి కళ్ళు తుడుచుకున్నది. ఆ పిల్ల తప్పేముంది? మనం ఆ పిల్లకు సత్యభామ నగలన్నీ పెట్టాం. నోరు మాత్రం పెట్టలేదు.

మేము మూడు తరాలుగా బడిపంతుళ్ళం. మా తాతగారు, నాన్నగారు, మేము, ముగ్గురం నేర్చుకున్నదొకటే: పిల్లవాడు అనుకరణతోనే మొదలుపెడతాడు, మొదలుపెట్టాలి కూడా. కాపీ రాయించకుండా దస్తూరి రాదు. కాని ఎంతకాలమైనా కాపీయే రాయిస్తే వాడికి ఉత్తరం రాయడం రాదు. ఈ దేశంలో మన పిల్లలు పన్నెండవ తరగతి దాకా మన దగ్గర ఉంటారు. తరువాత హైదరాబాదో, విజయవాడో, ఇంకా దూరమో, ఏదో ఒక విమానం ఎక్కవలసినవారే. ఆ విమానంలో ట్రాకు వేసేవారుండరు. వాడి నోట ఉన్న తెలుగే వాడి తెలుగు.

అందుకని ఈ ఏడాది తరగతిలో ఒక పని చేశాం. మీకు ముసుగు వీరులే కావాలా, సరే, రండి అన్నాం. ఐదుగురి దండు కట్టండి, కాని పేర్లు మీరే పెట్టాలి, ప్రవేశ దరువు మీరే రాయాలి, మీ గొంతుతోనే చెప్పాలి అన్నాం. మూడు వారాలు తరగతి గది చేపల బజారయింది. చివరకు తేలినది వినండి. ఎరుపు వీరుడు గుంటూరు మిరపకాయ. పసుపు వీరురాలు పసుపుకొమ్ము. దెబ్బ తగిలినవాళ్ళకు మందు రాస్తుందట. ఆకుపచ్చవాడు గోంగూర, వాడి పులుపుకు శత్రువు కళ్ళు మూసుకోవాలి. నీలం అమ్మాయి మత్రా రేవు సముద్రం. తెల్లనివాడు ధోఫారు సాంబ్రాణి. పొగై ఎక్కడికైనా దూరిపోతాడు. మూడు తెలుగునేల సరుకులు, రెండు ఒమాను సరుకులు. మేము చెప్పలేదు, వాళ్ళే కలిపారు. ఈ రెండు నేలల మధ్య పెరుగుతున్న పిల్లలకు తప్ప ఇంకెవరికీ తట్టని దండు ఇది.

ఒక తండ్రిగారు మాతో వాదానికి దిగారు. మాస్టారూ, దానవీరశూర కర్ణ డైలాగు చెప్పించవలసిన వయసులో గోంగూర వీరుడేమిటండీ, మన సంస్కృతి ఏం కావాలి అన్నారు. ఆయన బాధ న్యాయమైనదే. ఆ సంభాషణల ఠీవి మాకూ ప్రాణమే. తరగతిలో చదివిస్తున్నాం కూడా. కాని ఆయన అబ్బాయే ఆ గోంగూర వీరుడు. 'పుల్లగా ఉంటాను' అనాలో 'పుల్లన' అనాలో తేల్చుకోలేక వాడు ఆ రాత్రి తాతగారికి ఫోను చేసి అడిగాడు. తాతా మనవడూ అరగంట మాట్లాడుకున్నారట. ఆ తండ్రిగారే మరుసటి వారం వచ్చి ఈ మాట చెప్పారు. మా నాన్న వాడితో అంతసేపు మాట్లాడడం ఇదే మొదటిసారి అన్నారు. వాదంలో మేము గెలవలేదు. ఆయన ఇప్పటికీ కర్ణుడే కావాలంటున్నారు. రెండూ ఉండనిద్దాం.

పిల్లల దరువులో తప్పులు లేవా? ఉన్నాయి. యతి లేదు, ప్రాస లేదు, ఒకడు ఒత్తులు మింగేస్తాడు, ఒకతె 'ళ'ను 'ల' అంటుంది. సొంతంగా తీసిన మొదటి ముసుగు వీరులు అమెరికాలోనూ అట్లాగే తడబడ్డారని చెప్పాం గదా. అక్కడ వ్యాపారం గనుక, లాభం రాకపోతే ఏడాదికే మూసేశారు. మనది వ్యాపారం కాదు, కాపురం. తడబడిన పిల్లవాణ్ణి మనం మూసేయం. మళ్ళీ వచ్చే ఏడు నిలబెడతాం.

కనుక కార్యవర్గంవారికి మూడు మనవులు. ఒకటి: వచ్చే ఉత్సవంనుంచి ఏ వేషమైనా సరే, కృష్ణుడైనా, అల్లూరి అయినా, మిరపకాయ వీరుడైనా, ఆ బిడ్డ సొంత గొంతుతో కనీసం నాలుగు మాటల ప్రవేశ దరువు చెప్పిన తరువాతనే ట్రాకు వేయండి. పాటలు, నృత్యాలు మానేయమని మేము అనడంలేదు. రెండు: బహుమతి నిర్ణయించేటప్పుడు కిరీటం తళుకుకు తక్కువ మార్కులు, చెప్పిన మాటకు ఎక్కువ మార్కులు వేయండి. అద్దె కిరీటానికి డబ్బులేని ఇంటి బిడ్డ కూడా గెలవగలగాలి. మూడు: కూచిపూడి గాని, హరికథ గాని, బుర్రకథ గాని చేతిలో ఉన్న కళాకారుల్ని పిలిపించినప్పుడు ఒక్క సాయంత్రపు ప్రదర్శనతో పంపించేయకండి. రెండు రోజులు ఆపి పిల్లల ముందు కూర్చోబెట్టండి. ఘట్టం కొనుక్కుంటే ఆ పూటతో సరి. చేయి పట్టి నేర్పిస్తే తరం నిలుస్తుంది.

తల్లిదండ్రులకు మనవి ఒక్కటే. బిడ్డ తప్పు తెలుగు మాట్లాడినప్పుడు నవ్వకండి. వాడు ఎరువు సొమ్ము తీసి పక్కన పెట్టి, సొంత చొక్కాకు గుండీలు పెట్టుకుంటున్నాడు. గుండీ తప్పు కాజాలో పడితే విప్పి మళ్ళీ పెట్టించండి, అంతే.

మా మాట ఇంతటితో చాలు. తెర వెనక ఐదుగురు ముసుగులు సర్దుకుంటూ మమ్మల్ని తిట్టుకుంటున్నట్లున్నారు. వాళ్ళ దరువు వినండి. ఎక్కడైనా తడబడితే కాస్త ఆగండి, అందుకుంటారు. ట్రాకు పెట్టేవారికి ఈ పూట సెలవు.